నాలుగింటికల్లా అద్దం

మే నెల, పొద్దున్న పదిన్నర. నూజివీడులో రత్నబాబు కారద్దాల షాపు ముందు ఓ తెల్ల కారు ఆగి ఉంది, ముందద్దం నిండా పగుళ్లతో. పక్క సీట్లో గోవిందమ్మ గారు కొంగు నుదుటిదాకా కప్పుకుని దిగకుండా కూర్చునే ఉన్నారు. ఆవిడ భర్త లక్ష్మీనరసింహారావు గారు, రెడ్డిగూడెం వైపు మామిడి రైతుల సంఘానికి అధ్యక్షులు, దిగీ దిగకముందే కేకలు మొదలెట్టారు. కేకల్లేని రావు గారిని రత్నబాబు ఇంతవరకూ చూసి ఎరగడు.

"రాయి అన్నానుగా! రాయి! ఎన్నిసార్లు చెప్పాలయ్యా రత్నబాబూ? ముందు టిప్పర్ వెళ్తోంది. దాంట్లోంచి కంకర రాయి ఎగిరొచ్చి టంగుమని తగిలింది. అదే రాసుకో."

"రాసుకుంటానండి రావు గారూ. ఎక్కడ తగిలిందండి?"

"అద్దానికి."

"అది కనపడుతూనే ఉందండి. ఏ ఊరి దగ్గరని?"

"ఆగిరిపల్లి... ఆగిరిపల్లి దాటాక."

"రెడ్డిగూడెం తోట నుంచి తిన్నగా వస్తున్నానని ఫోన్లో అన్నారు. ఆ దార్లో ఆగిరిపల్లి రాదు కదండీ."

"ఏదో ఊరు! ఊరి పేరు సరిగ్గా రాస్తే అద్దం అతుక్కుంటుందా? నాకు నాలుగింటికల్లా కొత్తద్దం పడాలి. నాలుగింటికి ఆగిరిపల్లిలో మీటింగు. మామిడి ట్రాక్టర్ల డ్రైవర్లందర్నీ పిలిచాం. రోడ్డు భద్రత మీద. ముఖ్య అతిథిని నేను. ముఖ్య అతిథి పగిలిన అద్దంతో వెళ్లి దిగితే ఏం బావుంటుంది చెప్పు?"

"ఏవండీ..."

"ఆగవే గోవిందం, మాట్లాడుతున్నాంగా."

"తల దిమ్ముగా ఉందండీ. డాక్టరు దగ్గరికి పోదామన్నారుగా."

"పోదాం. అద్దం సంగతి తేల్చుకుని పోదాం. ఎండకి అలాగే ఉంటుంది, మజ్జిగ తాగితే సర్దుకుంటుంది. రత్నం, ఎవరినన్నా పంపి అమ్మగారికి మజ్జిగ తెప్పించు."

"తెప్పిస్తానండి. అమ్మగారూ, మీరు దిగొచ్చి ఈ ఫ్యాను కింద కూర్చోండి. కారు పొయ్యిలా ఉంది. మెల్లిగా, మెల్లిగా... ఇదిగో కుర్చీ."

"బాగున్నావా రత్నబాబూ? దయామణి బాగుందా? డ్యూటీకి వెళ్లిందా?"

"వెళ్లిందమ్మా. నర్సు ఉద్యోగం అన్నాక మా ఆవిడ పొద్దుటి పూట ఇంట్లో కనపడితే పండగే."

"మంచిపిల్ల. ఇదిగో, నా బొట్టు బిళ్ల ఎక్కడో ఊడిపోయిందయ్యా. బోసి మొహంతో కూర్చున్నా, ఏమనుకోకు."

"బొట్టు బిళ్ల ఇంటికెళ్లాక పెట్టుకుందువుగానిలే గోవిందం! రత్నం, నువ్విటు రా. అద్దం చూడు."

"చూస్తున్నానండి. ఈ స్టిక్కరు తియ్యొచ్చా?"

"అది ఉండనీ."

"అద్దమే పోయాక స్టిక్కరు ఎందుకండీ? 'అధ్యక్షులు' అని మీ హోదా కొత్తద్దం మీద మళ్లీ అంటించుకోవచ్చు. ఇదిగో... ఇదేంటండీ, దీని కింద ఈ నల్లటి బంక?"

"బంక కాదు. మందు."

"రావు గారూ, ఇది పాత మచ్చ. మూడు వారాల కిందట మీరే తెచ్చి చూపించారు. రూపాయి బిళ్లంత కూడా లేదు. అప్పుడు నేనేం చెప్పాను?"

"ఏదో చెప్పావు."

"పైన టేపు వేసి ఉంచండి, దుమ్మూ నీళ్లూ దిగనివ్వకండి, అరగంట కూర్చుంటే గమ్ము ఎక్కించి ఇక్కడితో ఆపేస్తానన్నాను. చిన్నగా ఉన్నప్పుడే, అంచుకి దూరంగా, డ్రైవరు చూపుకి అడ్డం లేని చోట ఉన్నప్పుడే రిపేరు పనికొస్తుంది, పాకిందంటే మొత్తం మార్చుకోవాల్సిందే అన్నాను. అంత చిన్న రిపేరుకి చాలా ఇన్సూరెన్సు పాలసీల్లో, క్లెయిము చెయ్యనందుకు ఇచ్చే బోనసు కూడా పోదు, మీ కాగితాలు ఓసారి చూసుకోండి అన్నాను."

"అద్దాలమ్మేవాడు అద్దం పాడైందనక ఏమంటాడు! నేను సొంతంగా బాగుచేసుకున్నా."

"దేంతోనండి?"

"సొనతో."

"ఏం సొన?"

"మామిడికాయ సొనయ్యా. తొడిమ తుంచితే కారుతుంది చూడు, అది. వాట్సాప్‌లో వీడియో వచ్చింది. మా సంఘం గ్రూపులో నేనే అందరికీ పంపించా. పచ్చి సొన చుక్క వేసి ఎండలో పెడితే అద్దం అతుక్కుంటుందని."

"సొన చేతి మీద పడితే తోలు లేస్తుంది కదండీ! మామిడి రైతులు, మీకు నేను చెప్పాలా?"

"అందుకేగా! అంత ఘాటు ఉంది కాబట్టే పట్టుకుంటుందనుకున్నా. నిజం చెప్పొద్దూ, రెండ్రోజులు గట్టిగానే ఉంది."

"తర్వాత?"

"చీమలు పట్టాయి."

"అందుకని స్టిక్కరు వేశారు."

"చీమలు కనపడకూడదుగా మరి! నలుగురిలో తిరిగేవాణ్ణి."

"పైన ఎండ, లోపల ఏసీ ఫుల్లు. పగులు పాకక ఏం చేస్తుందండీ? 'అధ్య' దగ్గర మొదలై 'క్షులు' దాటిపోయింది."

"ఎక్కువ మాట్లాడకు. మార్చెయ్. ఎంతసేపు పడుతుంది?"

"విప్పి బిగించడానికి రెండు గంటలు. కానీ బిగించగానే నడపడానికి లేదండి. గమ్ము ఆరాలి. ఈ అద్దం ఊరికే గాలికి అడ్డం పెట్టే అద్దం కాదు, పైకప్పుకి అదే ఊత, ఎయిర్‌బ్యాగు బెలూను విచ్చుకుంటే దానికీ అదే ఆనుడు. గమ్ము డబ్బా మీద ఎన్ని గంటలని ఉంటే అన్ని గంటలూ కారు ఇక్కడే ఉండాలి. ఆ తర్వాత కూడా రేపటిదాకా గతుకుల్లోకి దింపకూడదు, తలుపులు దభీమని వెయ్యకూడదు, కిటికీ రెండు వేళ్లు దించి ఉంచాలి, నీళ్లు కొట్టి కడగకూడదు. ఫాస్టాగు కూడా కొత్తది తీసుకోవాలి, పాతది ఊడదీస్తే పనిచెయ్యదు."

"అన్నీ చేస్తానయ్యా. పసిబిడ్డని చూసుకున్నట్టు చూసుకుంటా. చిన్న కుదుపు కూడా తగలనివ్వను. సరేనా? విప్పు."

"విప్పేముందు ఫోటోలు తియ్యాలండి. ఇన్సూరెన్సు వాళ్లకి ముందు చెప్పి, వాళ్లు సరేనన్నాకే చెయ్యి పెట్టాలి. తొందరపడి విప్పేసి తర్వాత చెప్తే, ఏదీ పగిలింది చూపించమంటారు."

"తియ్యి ఫోటోలు. బయటి నుంచే తియ్యి."

"లోపలి నుంచీ తియ్యాలండి."

"లోపలేముంది? ఏం లేదు."

"రత్నబాబూ, దయామణి డ్యూటీకి వెళ్లిందా?"

"వెళ్లిందమ్మా, ఇందాకే చెప్పానుగా. మజ్జిగ తాగండి... రావు గారూ, ఒకసారి ఇటు రండి."

"లోపల చెయ్యి పెట్టి ఏంటి గీకుతున్నావు?"

"గీకడం కాదండి, తడిమి చూస్తున్నా. ముందద్దం అంటే ఒక్క పలక కాదు. రెండు పలకలు, మధ్యలో ప్లాస్టిక్ పొర. అందుకే పగిలినా ఒళ్లో రాలిపడదు. రాయి బయటి నుంచి తగిలితే బయటి పలక గుంట పడుతుంది. మీ పాత మచ్చ అలాంటిదే. కానీ ఇది చూడండి, ఎడమ పక్క సీటుకి ఎదురుగా, ఈ సాలెగూడులాంటి పగులు. బయట గుంట లేదు. బయటికి ఉబ్బింది."

"అయితే?"

"లోపలి నుంచి తగిలిందండి."

"నువ్వు అద్దాలు బిగించేవాడివా, పోలీసోడివా?"

"ఇరవయ్యేళ్ల నుంచి పగిలిన అద్దాలే చూస్తున్నానండి. ఇన్సూరెన్సు ఆయన కూడా ఇదే చూస్తాడు."

"సరే. రాయి కాదులే. కాయ."

"కాయ?"

"మామిడికాయ. రోడ్డు పక్క చెట్టు మీంచి పడింది. కలెక్టరు రకం కాయ, అర కిలోకి పైనే ఉంటుంది. రాయని ఎందుకన్నానంటే, కాయ పడితే అద్దం పగిలిందంటే ఎవడూ నమ్మడని."

"చెట్టు మీంచి పడిన కాయ కూడా బయటి నుంచేగా తగిలేది?"

"చెట్టు మీంచి కాదు. తొందరలో అన్నా. కాయలు లోపలే ఉన్నాయి. వెనక సీట్లో బుట్ట. సడన్‌గా బ్రేకు వేసేసరికి ఓ కాయ ఎగిరి..."

"బ్రేకు వేశారా?"

"వేశానని ఎవరన్నారు?"

"మీరే అన్నారండి, ఇప్పుడే."

"మాట వరసకి అన్నా! బ్రేకన్నాక వెయ్యరా? వెయ్యకపోతే తప్పు గానీ వేస్తే తప్పా?"

"రావు గారూ, మామిడికాయకి వెంట్రుకలుంటాయాండీ?"

"రసాలకి పీచు ఉంటుంది."

"తెల్లగా, మూరెడు పొడుగుంటుందాండీ ఆ పీచు? ఈ పగుళ్లలో ఇరుక్కుని ఉంది చూడండి. ఆ పీచు పక్కన ఎర్ర బొట్టు బిళ్ల ఉంటుందాండీ?"

"మెల్లిగా మాట్లాడు రత్నం."

"నా బొట్టు బిళ్ల దొరికిందా బాబూ? ఇటియ్యి."

"ఇస్తానమ్మా. మీరు లేవకండి, కూర్చోండి... ఏం జరిగిందండీ రావు గారూ?"

"ఏం జరగలేదు. పెద్ద విషయం కాదు. మీటింగులో చదవాల్సిన ఉపన్యాసం ఉందిగా, నాలుగు పేజీలు రాయించా. దార్లో ఓసారి చదువుకుందామని. ఫోను పట్టుకుని డ్రైవింగు చెయ్యకూడదు, అది తప్పని నాకు తెలుసు. అందుకని కాగితమే."

"కాగితం పట్టుకుని డ్రైవింగు చేశారా?"

"నేనెందుకు పట్టుకుంటా? నా రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి. మా ఆవిడ పట్టుకుంది. నాకు కనపడేలా ముందుకు వంగి, స్టీరింగు పక్కగా. 'డ్రైవరు సోదరులారా, సీటు బెల్టు మన ప్రాణానికి' అనేదాకా వచ్చింది. పేజీ తిప్పవే అన్నాను. అప్పుడే తోటలోంచి మామిడి ట్రాక్టరు అడ్డంగా రోడ్డెక్కింది. వెనకాముందూ చూసుకోవద్దూ? ఇలాంటి వాళ్ల కోసమే ఆ మీటింగు పెట్టింది!"

"అమ్మగారు బెల్టు పెట్టుకోలేదా?"

"బెల్టు పెట్టుకుంటే ముందుకు వంగడానికి రాదుగా."

"మరి పెట్టుకోకపోతే కారు కుయ్యో కుయ్యో అని అరుస్తుంది కదండీ?"

"అరవదు. ఆ క్లిప్పు ఉందిగా. బెల్టు దూర్చే చోట దూర్చేస్తే బెల్టు పెట్టుకున్నట్టే అనుకుని నోరు మూసుకుంటుంది. అలా చూస్తావేంటి? నువ్వే అమ్మావు. ఈ షాపులోనే. మంచి సరుకండీ రావు గారూ, చెవులకి హాయి అన్నావు. అన్నావా లేదా?"

"అన్నానండి. బుద్ధి గడ్డి తిని అమ్మాను. ఇదిగో, అట్టపెట్టెలో ఇంకా డజను ఉన్నాయి. ఈ పూటే మురిక్కాలవలో పారేస్తా. ఆ పాపం నాది కూడా, కాదనను. ఎన్నింటికి జరిగింది ఇది?"

"ఏడున్నరకి."

"ఇప్పుడు పదకొండవుతోంది! ఇంతసేపు ఎక్కడున్నారు?"

"ఎక్కడుంటాం? నువ్వు పదిన్నరకి గానీ షాపు తియ్యవుగా. ఎదురుగా టీ కొట్టు దగ్గర ఆగాం. మా ఆవిడకి కాఫీ ఇప్పించా. తాగింది. ఓ వాంతి చేసుకుంది. పైత్యం."

"మా దయామణి పనిచేసే ఆసుపత్రి ఈ వీధి చివరేనండీ!"

"ఆసుపత్రికెళ్తే ఎలా తగిలిందని అడుగుతారు. రాసుకుంటారు. ఆ రాసుకున్నది సాయంత్రానికల్లా మన గ్రూపులో తిరుగుతుంది. రోడ్డు భద్రత ముఖ్య అతిథి పెళ్లాం సీటు బెల్టు లేక అద్దానికి గుద్దుకుందని! ఆ ట్రాక్టర్ల వాళ్లు నన్ను బతకనిస్తారా? నువ్వేం మాట్లాడతావయ్యా, తలకాయ నీది కాదు కాబట్టి."

"తలకాయ మీదీ కాదండి. అమ్మగారిది."

"రత్నం!"

"కోప్పడితే కోప్పడండి, ఇవాళ నేను పడతా. రేపటిదాకా అద్దానికి చిన్న కుదుపు తగలనివ్వనన్నారే, పసిబిడ్డలా చూసుకుంటానన్నారే! తలకి దెబ్బ తగిలిన మనిషిని ఆ గతుకుల రోడ్డు మీద ఇంత దూరం ఎలా తెచ్చారండీ? అద్దం పోతే ఇంకోటి తెప్పిస్తా. బొంబాయి నుంచయినా తెప్పిస్తా. అమ్మగారి నుదురు చూశారా మీరు?"

"చూశా. చిన్న బొప్పి. రూపాయి బిళ్లంత. పసుపూ సున్నం పెట్టా."

"సొన పెట్టలేదు, నయం."

"నువ్వు మరీ..."

"రూపాయి బిళ్లంతే కదా అని మూడు వారాల కిందట ఆ మచ్చ గురించి కూడా అన్నారు. నేను నర్సుని కాదండి. కానీ నాకు భయమేస్తోంది. నిజంగా భయమేస్తోంది."

"రత్నబాబూ, దయామణి బాగుందా? డ్యూటీకి వెళ్లిందా?"

"విన్నారా?"

"ఏం వినాలి?"

"ఇది మూడోసారండీ."

"ఆ... అడుగుతుంది. నాతో అయితే ఒకే మాట ముప్పై ఏళ్ల నుంచి అడుగుతోంది, మెల్లిగా వెళ్లండీ, మెల్లిగా వెళ్లండీ అని. ఆడవాళ్లకి అదో అలవాటు."

"ఉండండి, మా దయామణికి ఫోను చేస్తా... హలో, దయా? మన రెడ్డిగూడెం రావు గారి భార్య... ఆ, గోవిందమ్మ గారే. కార్లో ముందద్దానికి తల గుద్దుకున్నారు. పొద్దున్న ఏడున్నరకి... నన్ను తిడతావేంటి, నాకూ ఇప్పుడే తెలిసింది... వాంతి ఒకటి. ఆ, తల దిమ్ముగా ఉందంటున్నారు... అడిగిందే అడుగుతున్నారు. నీ గురించే, మూడుసార్లు... ఆ... ఆ... సరే. సరే. కదపం."

"ఏమంటోంది?"

"అంబులెన్సు పంపిస్తోంది. అమ్మగారిని లేపొద్దంది, నడిపించొద్దంది. మీ కార్లో అసలే వద్దంది. స్కానింగు తియ్యాలట."

"స్కానింగా? ఇంత చిన్నదానికి... మరి మీటింగు..."

"రావు గారూ!"

"లేదులే. లేదు. ఊరికే అన్నా. మీటింగుకి సుభాష్‌ని పంపిస్తా, మన కార్యదర్శి ఉన్నాడుగా. కాగితం కార్లోనే ఉంది, వాడే చదువుతాడు... అంబులెన్సు ఎంతసేపట్లో వస్తుందంటావు?"

"వీధి చివర నుంచేగా, వచ్చేస్తుంది. ఈలోపు మాట్లాడిస్తూ ఉండమంది. పేరూ, ఇవాళ ఏ వారమో, ఏం జరిగిందో అడిగి చూడమంది."

"అదా! దానికేముంది? మా ఆవిడ జ్ఞాపకశక్తి నీకు తెలీదు. మా చెల్లెలి పెళ్లిలో ఎవరు ఏ రంగు చీర కట్టారో ఇప్పటికీ చెప్తుంది. ఏ చెట్టు ఏ యేడు కాపు తప్పిందో నేను మర్చిపోతాను, అది మర్చిపోదు. అడుగుతా చూడు. గోవిందం! ఇవాళ ఏ వారం?"

"వారమా? మీకు ఉపన్యాసం ఉందన్నారుగా, ఆ వారం."

"చూశావా! ఉపన్యాసం గుర్తుంది. నీ పేరు చెప్పు."

"అదేం ప్రశ్నండీ, పరాయి మగాడి ముందు? గోవిందమ్మ."

"చూశావా రత్నం! నేను చెప్పలా? నువ్వూ మీ దయామణీ కలిసి నా గుండె జారిపోయేలా చేశారు."

"ఏం జరిగిందో అడగండి."

"అడుగుతా. గోవిందం, ఇటు చూడు, నా వంక చూడు. ఆ కారు చూడు, ఎదురుగా. రత్నబాబుకి చెప్పు, ఆ అద్దం ఎలా పగిలింది? రాయని చెప్పక్కర్లేదు. కాయని చెప్పక్కర్లేదు. దార్లో నీకు చెప్పమన్న అబద్ధాలేవీ చెప్పొద్దు. నేనేం అనను. తప్పు నాది, నాదే. ఉన్నది ఉన్నట్టు చెప్పు."

"అయ్యయ్యో, అద్దం పగిలిందా? ఎవరికీ దెబ్బ తగల్లేదు కదండీ?"